నలుగురు తెలంగాలు, ఒక కుమ్మరి



ప్లాస్టిక్ సర్జరీ పుట్టింది మన దేశంలోనేనని, తెగిన ముక్కుని శుశ్రుతుడు అతికించాడని ఒక మెసేజి మన గ్రూపులో ఏడాదికి రెండు మూడుసార్లయినా తిరుగుతుంది. మొన్న మళ్లీ తిరిగింది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. మెసేజిలో ఉన్నది అబద్ధమేమీ కాదు. కాని అందులో లేనిది చాలా ఉంది, ఆ లేనిదాంట్లో మన పేరు కూడా ఒకచోట ఉంది. అది చెబుదామనే ఈ పోస్టు. కాస్త పొడుగే. మధ్యాహ్నం భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

1794 అక్టోబరులో, లండన్‌లో అచ్చయ్యే జెంటిల్మన్స్ మ్యాగజీన్ అనే మాసపత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన పూర్తి పేరు పెట్టుకోలేదు, బి.ఎల్. అని రెండక్షరాలు మాత్రం వేశాడు. ఉత్తరంతో పాటు ఒక బొమ్మ. మన దేశపు మనిషి బొమ్మ. ముక్కు బాగానే ఉంది, నుదుటి మీద మాత్రం ఒక పెద్ద మచ్చ. ఆ మచ్చకీ ఆ ముక్కుకీ ఉన్న సంబంధమే ఉత్తరంలోని విషయం.

ఆ మనిషి పేరు కావాస్‌జీ. మరాఠా, వ్యవసాయం చేసుకునే కులం. 1790 నుంచి 1792 దాకా ఇంగ్లీషువాళ్లకీ టిప్పు సుల్తానుకీ జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలేవాడు. టిప్పు మనుషులకి పట్టుబడ్డాడు. వాళ్లు ఇతని ముక్కు, ఒక చెయ్యి నరికి వదిలేశారు. అలాగే నడుచుకుంటూ వచ్చి శ్రీరంగపట్నం దగ్గర బొంబాయి సైన్యంలో కలిశాడు. ఆ తర్వాత కంపెనీ అతనికి పెన్షన్ ఇచ్చింది. ఏడాది పైన ముక్కు లేకుండానే బతికాడు. 1793లో పుణె దగ్గర ఒక మనిషి అతనికి కొత్త ముక్కు పెట్టాడు.

కావాస్‌జీ ప్రస్తావన వచ్చే వైద్య చరిత్ర పుస్తకాల్లో పక్కనే ఇంకో మాట కూడా వస్తుంది. నలుగురు ‘తిలంగా’లు. వాళ్లకీ అదే శిక్ష పడింది, వాళ్లకీ అదే వైద్యం జరిగింది.

ఈ మాట దగ్గర బరంపురం వాళ్లం ఆగాల్సిందే. మనల్ని ఇక్కడ ఒడియా వాళ్లు ఏమంటారు? తెలెంగా. కొందరు మామూలుగా అంటారు, కొందరు కాస్త వెక్కిరింపుగా అంటారు, మనకి రెండూ అలవాటే. కటక్‌లో తెలెంగా బజార్ అని పేటే ఉంది. ఊరేగింపుల్లో వాయించే తెలెంగీ బాజా సంగతి చెప్పనక్కర్లేదు. అదే మాట రెండు వందల ముప్పై ఏళ్ల కిందట పుణె నుంచి లండన్ దాకా వెళ్లింది.

అయితే తొందరపడి వాళ్లు నలుగురూ మన శ్రీకాకుళం వాళ్లో గంజాం వాళ్లో అని మీసం మెలేయకూడదు. ఆ మాటకి అప్పటికే అర్థం మారిపోయింది. 1756లో క్లైవు మదరాసు నుంచి ఓడల్లో బెంగాలుకి తీసుకెళ్లిన సైన్యంలో సుమారు 1500 మంది సిపాయిలు ఉన్నారు. దక్షిణాది నుంచి, తెలుగు దేశం వైపు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి అక్కడి జనం వాళ్లని తిలంగాలన్నారు. తర్వాత కంపెనీ యూనిఫాం వేసుకున్న ప్రతి సిపాయీ తిలంగాయే అయిపోయాడు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్ వాళ్లు, ఒక్క ముక్క తెలుగు రాని వాళ్లు. కనక పేరు మనది, మనుషులు మనవాళ్లో కాదో ఆ ఒక్క మాటతో తేలదు. టిప్పు మీదికి వెళ్లిన మదరాసు సైన్యంలో ఉత్తర సర్కారుల వాళ్లు నిజంగానే ఉన్నారు, గంజాం అప్పటికి ఆ సర్కారుల్లో భాగమే. అంతవరకు చెప్పగలను.

ఇక ఆపరేషన్ దగ్గరికి వద్దాం. ఇది నెమ్మదిగా చెప్పుకోవాల్సిన సంగతి.

చేసినవాడు వైద్య పండితుడు కాదు. ఇటుకలు చేసే కులం వాడు అని ఉత్తరంలో ఉంది. తర్వాతి పుస్తకాలు కుమ్మరి అంటాయి. బొంబాయి కంపెనీ కొలువులో ఉన్న ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు, థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే, పక్కన నిలబడి చూశారు. ఇది ఈ దేశంలో అరుదేమీ కాదని, తరతరాలుగా చేస్తున్నదేనని కూడా ఆ ఉత్తరమే చెబుతుంది.

ముందు పల్చని మైనం రేకు తీసుకున్నాడు. ముక్కు మొదలు మీద దాన్ని ఒత్తి, చూడ్డానికి మంచి ముక్కులా వచ్చేదాకా మలిచాడు. మట్టితో కుండ మలిచే చేతులకి మైనం ఒక లెక్కా? తర్వాత ఆ మైనాన్ని చదునుగా పరిచి నుదుటి మీద పెట్టి చుట్టూ గీత గీశాడు. ముక్కుకి ఎంత చర్మం పడుతుందో దానితో తేలిపోయింది. గీత వెంట చర్మాన్ని కోసి లేపాడు. పూర్తిగా కాదు. రెండు కళ్ల మధ్య సన్నని పట్టీ ఒకటి కొయ్యకుండా వదిలాడు. అసలు కిటుకంతా ఆ పట్టీలోనే ఉంది.

చర్మం ముక్కని పూర్తిగా వేరు చేసి వేరేచోట అతికిస్తే, దానికి నెత్తురు అందేదాకా అది బతకాలి. నుదుటి చర్మంలాంటి మందమైన ముక్క అలా బతకదు, నల్లబడి ఊడిపోతుంది. పట్టీ ఉంటే నెత్తురు పాత దారిలోనే వస్తూ ఉంటుంది. ఈ లోపల కొత్తచోట చిన్న చిన్న రక్తనాళాలు కలుసుకుంటాయి. అవి కలుసుకున్నాక పట్టీ అవసరం తీరిపోతుంది. పొలానికి కొత్త కాలువలో నీళ్లు వచ్చేదాకా పాత కాలువని పూడ్చకుండా ఉంచడం లాంటిది. ఇది ఆ కుమ్మరికి తెలుసు. ఎలా తెలుసు, ఎన్ని ముక్కులు నల్లబడి ఊడిపోయాక తెలిసింది, ఎవరి తాతకి తెలిసింది, అది ఎక్కడా రాసిలేదు.

తర్వాత ముక్కు మొదలు మీద మానిపోయిన పాత మచ్చని చెక్కి పచ్చి చేశాడు. మానిన చర్మం మానిన చర్మానికి అతుక్కోదు, పుండు పుండుకే అతుక్కుంటుంది. పైపెదవి మీదుగా చుట్టూ సన్నగా గాటు పెట్టాడు. నుదుటి నుంచి లేపిన చర్మాన్ని కిందికి దించి, సగం చుట్టు తిప్పాడు. తిప్పకపోతే చర్మం లోపలివైపు బయటికి వస్తుంది. దాని అంచుని ఆ గాటులోకి దూర్చాడు. కుట్టు ఒక్కటి కూడా లేదు.

మరి పట్టి నిలబెట్టింది ఏమిటి? కాచు! మన పాన్ షాపుల్లో ఆకుకి పూసే కాచు. ఒడియా వాళ్లు ఖైరు అంటారు. దాన్ని నీళ్లలో మెత్తగా కలిపి గుడ్డపేలికలకి పట్టించి, అయిదారు పేలికలు ఒకదాని మీద ఒకటి వేశాడు. కాచు వగరు, చర్మాన్ని బిగిస్తుంది, నెత్తురు కారడం తగ్గిస్తుంది, ఆరితే గట్టిగా పట్టుకుంటుంది. నాలుగు రోజులు అదే కట్టు. తర్వాత అది తీసేసి నెయ్యిలో ముంచిన గుడ్డలు. మొదటి అయిదారు రోజులు మనిషి వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు. పదోరోజున ముక్కురంధ్రాల్లో మెత్తటి గుడ్డముక్కలు పెట్టాడు, లేకపోతే మానేటప్పుడు రంధ్రాలు ముడుచుకుపోతాయి. సుమారు 25వ రోజున కళ్ల మధ్య పట్టీని కోసి, కొత్త ముక్కుని కాస్త సరిదిద్దాడు. అయిపోయింది.

మత్తు మందు ఊసు లేదు. ఈథర్ వచ్చింది 1846లో. కావాస్‌జీ ఇదంతా తెలివిలో ఉండే భరించాడు, అదీ ఒంటి చేత్తో.

పది నెలల తర్వాత, 1794 జనవరిలో, బొంబాయి వైపు పనిచేస్తున్న స్కాట్లండ్ చిత్రకారుడు జేమ్స్ వేల్స్ అతని బొమ్మ గీశాడు. లండన్ పత్రికలో వచ్చింది ఆ బొమ్మ నుంచి చేసిన అచ్చే.

ఇక్కడ మన శుశ్రుతుడి సంగతి. శుశ్రుత సంహిత సూత్రస్థానం పదహారో అధ్యాయంలో ముక్కు అతికించడం నిజంగానే ఉంది. అక్కడ కొలతకి చెట్టు ఆకు వాడమన్నాడు. చర్మం తీసేది బుగ్గ నుంచి. ఊపిరి ఆడటానికి ఆముదపు కాడల్లాంటి రెండు గొట్టాలు పెట్టాలి. అతికించాక బుక్కపుచెక్క, అతిమధురం లాంటివాటి పొడులు చల్లాలి, నువ్వుల నూనెతో తడుపుతూ ఉండాలి. పుణె కుమ్మరి చేతిలో ఆకు లేదు, మైనం ఉంది. బుగ్గ కాదు, నుదురు. గొట్టాలు కాదు, పదోరోజున గుడ్డముక్కలు. పొడులు కాదు, కాచు. మూలసూత్రం ఒకటే: కొలుచుకో, ఒక వైపు తెగకుండా ఉంచు, పాత గాయాన్ని పచ్చి చెయ్యి, అతికించు. కాని పద్ధతి వేరు. నుదుటి చర్మం బుగ్గ చర్మం కన్నా ఈ పనికి మేలు. మందంగా ఉంటుంది, నెత్తురు బాగా అందుతుంది, రంగు కలుస్తుంది. అంటే పుస్తకం ఒకచోట ఆగిపోయాక కూడా చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మెరుగు పెడుతూనే ఉన్నాయి. కత్తి పట్టడం, నెత్తురు ముట్టుకోవడం పెద్దకులాల వైద్యులకి మైల అయిపోయాక ఆ పని మంగలి దగ్గర, కుమ్మరి దగ్గర, ఎముకలు కట్టేవాళ్ల దగ్గర మిగిలింది. కాంగ్రా కొండల్లో ఇలాంటి పనే వంశపారంపర్యంగా చేసే కుటుంబాలు మొన్న మొన్నటి దాకా, అంటే ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా ఉన్నాయి.

కాబట్టి లండన్ నేర్చుకున్నది శుశ్రుతుడి పుస్తకం నుంచి కాదు. సంహిత ఇంగ్లీషులోకి రావడం చాలా తర్వాతి మాట. వాళ్లు నేర్చుకున్నది పేరు కూడా ఎవరూ అడగని ఒక కుమ్మరి దగ్గర. మెసేజిలో శుశ్రుతుడికి దండం పెడుతున్నాం, పెట్టాల్సిందే. కుమ్మరికి మాత్రం మనం ఒక్క బొమ్మ కూడా పంపలేదు.

ఇంకో ప్రశ్న ఉంది, అది అంత సుఖమైనది కాదు. ముక్కు అతికించడంలో మనవాళ్లకి అంత అలవాటు ఎందుకొచ్చింది? అంతగా ముక్కులు కోశాం కనక. చేతినిండా పని ఉన్నచోటే పనితనం పెరుగుతుంది.

నేను చదువుకున్నది అరవంలో. హైస్కూల్ చరిత్ర పాఠంలో ‘మూక్కరుప్పు పోర్’ అని ఒకటి ఉండేది, ముక్కుకోత యుద్ధం. క్లాసంతా నవ్వేవాళ్లం. పెద్దయ్యాక చదివితే నవ్వు రాలేదు. 1656లో మైసూరు రాజు కంఠీరవ నరసరాజు సైన్యం సత్యమంగళం మీదుగా మధుర రాజ్యంలోకి దిగింది. ఎదురైనవాళ్ల ముక్కులు కొయ్యమని ఆజ్ఞ. సిపాయిలే కాదు, ఆడవాళ్లు, పిల్లలు, ఎవరైనా సరే. మగవాళ్లకి ముక్కుతో పాటు మీసం ఉన్న పైపెదవి కూడా. కోసిన ముక్కులు బస్తాల్లో మైసూరుకి పంపారని అప్పుడు మధురలో ఉన్న జెస్యూట్ పాదిరీల ఉత్తరాలు చెబుతున్నాయి. అప్పుడు మధురని ఏలుతున్నది మన తెలుగు నాయకరాజు తిరుమల నాయకుడే. మధుర వెళ్లినవాళ్లు ఆయన మహలు చూసే ఉంటారు. జబ్బుతో మంచంలో ఉన్న ఆయన రామనాథపురం సేతుపతి సాయం కోరాడు. మైసూరు సైన్యాన్ని తరిమేశారు. తరిమి ఊరుకున్నారా? లేదు. మధుర సేన మైసూరు గడ్డ మీదికి వెళ్లి అదే పని చేసింది. అటు మైసూరువాళ్లు కోశారు, ఇటు మనవాళ్లు కోశారు. టిప్పు పేరు చెప్పి ఎవరైనా ఈ కథని ఒకవైపుకి తిప్పుతారేమో అని ఇది ముందే చెబుతున్నాను.

ఔరంగజేబు బిజాపూరు మీదికి వెళ్లినప్పటి సంగతి ఇటలీవాడు మనూచీ రాశాడు. ఈయన తర్వాత మదరాసులో స్థిరపడి చాలా ఏళ్లు ఉన్నాడు. గడ్డికీ కట్టెలకీ బయటికి వచ్చిన మొగలు మనుషుల్ని బిజాపూరువాళ్లు పట్టుకుంటే చంపేవాళ్లు కారట, ముక్కు కోసి వెనక్కి పంపేవాళ్లట. అక్కడి వైద్యులు నుదుటి చర్మాన్ని కిందికి దించి ముక్కు చేసేవాళ్లని, అలాంటి ముక్కులున్నవాళ్లని తాను చాలామందిని చూశానని ఆయన రాశాడు. ఇది కావాస్‌జీకి వందేళ్ల ముందు మాట.

గమనించారా, ముక్కు పోయేది ఎవరికో? గడ్డి తెచ్చేవాడికి, కట్టెలు కొట్టేవాడికి, ఎడ్లు తోలేవాడికి. సేనాపతికి కాదు. ఎద్దు కదలకపోతే ఫిరంగి కదలదు, బియ్యం కదలవు. ఎడ్లు తోలేవాడిని చంపితే ఒకడు పోతాడు. ముక్కు కోసి పంపితే వాడిని చూసి ఇంకో పదిమంది రాత్రికి రాత్రి ఇంటిదారి పడతారు. లెక్క అది.

ఇక ఆడవాళ్ల ముక్కులు యుద్ధంలో కన్నా ఇంట్లోనే ఎక్కువ పోయాయి. అనుమానం వచ్చిన మొగుడు, పరువు పోయిందనుకున్న అన్నదమ్ములు. రామాయణంలో శూర్పణఖ కథ చిన్నప్పుడు హరికథల్లో విని చప్పట్లు కొట్టినవాళ్లమే మనమంతా. ముక్కు అంటే మన భాషలన్నిటిలోనూ పరువే. తెలుగులో ముక్కు కోసినంత పనయింది అంటాం. అరవంలో మూక్కరుపట్టాన్ అంటే నలుగురిలో అవమానం పాలయ్యాడని. ఒడియాలో నాక కటిగలా అన్నా అదే. ముక్కు లేనివాడికి మన పాత తెలుగులో ఒక పేరు ఉంది, ముక్కిడి. అది మనిషి పేరు కాదు, తిట్టు. ముక్కు పోయినవాడికి నొప్పి నెల రోజులు, తిట్టు బతికినంతకాలం. కత్తి మీద నమ్మకం ఉండి కాదు, ఆ మాట పడలేక వాళ్లు ఆ కుమ్మరి ముందు కదలకుండా కూచున్నారని నేననుకుంటాను.

1889లో జూనాగఢ్ సంస్థానం పెద్ద డాక్టరు త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా ముక్కుల మీద ఒక పుస్తకమే రాశాడు. నాలుగేళ్లలో వందకి పైగా కేసులు! ఆ ప్రాంతంలో బందిపోట్లు ముక్కులు కోసేవాళ్లు. ఒక్క ఊరి ఆస్పత్రిలో నాలుగేళ్లలో వంద ముక్కులంటే, దేశమంతా లెక్కేసుకోండి.

లండన్‌లో ఏమైందో చూద్దాం. జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ ఆ ఉత్తరం చదివాడు. ఇండియా నుంచి తిరిగొచ్చినవాళ్లని అడిగాడు, శవాల మీద చేసి చూసుకున్నాడు. తగిన రోగి కోసం ఏళ్ల తరబడి ఆగాడు. 1814 అక్టోబరు 23న మొదటి ఆపరేషన్ చేశాడు. పాదరసపు మందులు వాడి వాడి ముక్కు పోగొట్టుకున్న ఒక సైనికాధికారికి. రెండోది మాథ్యూ లాతామ్ అనే అధికారికి. 1811లో స్పెయిన్‌లో అల్బుయెరా యుద్ధంలో పటాలం జెండాని శత్రువు చేతికి పోనివ్వకుండా పట్టుకుని, ముఖం మీద కత్తివేటు తిన్నవాడు, ఒక చెయ్యి కూడా పోయింది. 1816లో కార్ప్యూ ఈ రెండు ఆపరేషన్ల మీద పుస్తకం వేశాడు. రెండేళ్లకి జర్మనీలో గ్రేఫె ఇంకో పుస్తకం వేశాడు. ప్లాస్టిక్ అన్న మాట ఈ వైద్యానికి అంటుకున్నది ఆయన పుస్తకం పేరుతోనే. ప్లాస్టిక్ బకెట్టుకీ దీనికీ సంబంధం లేదు, గ్రీకులో మలచడం అని అర్థం. మట్టి మలిచేవాడి పనికి ఆ పేరు రావడం నాకు బాగానే ఉంది.

ఇటలీ వాళ్లకి కూడా ఒక దారి ఉండేదని చెప్పకపోతే అన్యాయం. 1597లో తాల్యకోట్సి అనే ఆయన జబ్బ చర్మంతో ముక్కు చేసే పద్ధతి మీద పెద్ద గ్రంథం రాశాడు. చేతిని వారాల తరబడి తలకి కట్టేసి ఉంచాలి. ఆయన పోయాక ఐరోపాలో దాన్ని దాదాపు మర్చిపోయారు. అందుకే 1794లో మన ఉత్తరం వాళ్లకి అంత కొత్తగా అనిపించింది.

లాతామ్‌నీ కావాస్‌జీనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ ముక్కు పోయింది, ఇద్దరికీ ఒక చెయ్యి పోయింది, ఇద్దరికీ నుదుటి చర్మంతోనే ముక్కు వచ్చింది. లాతామ్ పేరు, పటాలం పేరు, యుద్ధం పేరు, డాక్టరు పేరు అన్నీ ఉన్నాయి. కావాస్‌జీకి పేరు ఉంది, బొమ్మ ఉంది, డాక్టరు పేరు లేదు. నలుగురు తెలంగాలకి అదీ లేదు, అంకె మాత్రం ఉంది. నాలుగు. గుమాస్తాగా బతికినవాణ్ణి, పేరు రాయకుండా అంకె మాత్రం రాసే రిజిస్టర్లు నాకు కొత్త కాదు. సరుకుల పట్టీలో అలా రాస్తాం.

నేను టికెట్ కౌంటర్లో కూచున్న రోజుల్లో ఒక ఎండాకాలం పొద్దున్నే ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. కొండవైపు ఊరివాళ్లని మాటని బట్టి తెలుస్తోంది. పెద్దవాడు గాముఛా కళ్ల కిందనుంచి గడ్డం దాకా చుట్టుకున్నాడు. తమ్ముడు రెండు కటక్ టికెట్లు అడిగి, రోగి కదా బాబూ, తగ్గింపు ఏమైనా ఉందా అన్నాడు. ఏమైందన్నాను. భాలు, అన్నాడు. ఎలుగుబంటి. ఇప్పపూలు ఏరడానికి చీకటితో అడవికి వెళ్లాడట. నేను రాయితీల పట్టిక తీశాను. క్యాన్సర్ ఉంది, క్షయ ఉంది, కుష్ఠు ఉంది, గుండె ఆపరేషన్ ఉంది. ముఖం చీలిపోయినవాడికి గడి లేదు. పూర్తి చార్జీకే రెండు టికెట్లు ఇచ్చాను. పెద్దవాడు ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడగలిగే స్థితిలో ఉన్నాడో లేదో కూడా.

మన గంజాం, గజపతి జిల్లాల అడవి అంచుల్లో ఇది ఇప్పటికీ ఉన్నదే. ఎలుగు పులిలా మెడ పట్టదు. భయపడి మీద పడుతుంది, మీద పడితే తలా ముఖమే దానికి అందేవి. పొడుగాటి గోళ్లు. ఇప్పపూల కాలంలో, జీడిమామిడి పళ్ల కాలంలో అదీ మనుషులూ ఒకే చెట్టు కిందికి వస్తారు. పోయేది మళ్లీ పూలు ఏరేవాడి ముఖమే, కట్టెలకి వెళ్లినదాని ముఖమే.

ఇంత చెప్పాను కనక పనికొచ్చే నాలుగు మాటలు కూడా. ముఖం మీద జంతువు గాయమైతే ముందు సబ్బు పెట్టి ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీపొడి, ఆకు పసరు అద్దకూడదు. కుక్కైనా ఎలుగైనా రేబిస్ టీకా విషయం డాక్టరుని అడిగి తీరాలి. తెగి వేలాడుతున్న చర్మాన్ని ఎంత సన్నగా ఉన్నా పీకెయ్యకండి. పైన చెప్పిన పట్టీ అదే, దానిలోంచే నెత్తురు వస్తూ ఉంటుంది. పూర్తిగా ఊడిన ముక్క ఉంటే తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఆ సంచీని ఐసు మీద ఉంచి పట్టుకెళ్లండి. ముక్క ఐసుకి నేరుగా తగలకూడదు. ముందు మన ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకే వెళ్లండి, నెత్తురు ఆపడం, ఊపిరి సంగతి చూడటం మొదటి పని. ముక్కు, పెదవి, కనురెప్ప మళ్లీ కట్టాల్సి వస్తే కటక్ ఎస్.సి.బి., భువనేశ్వర్ ఎయిమ్స్, విశాఖ కె.జి.హెచ్. ఉన్నాయి. ఏళ్ల కిందటి గాయమని వదిలెయ్యకండి. కావాస్‌జీ కూడా ఏడాది దాటాకే వెళ్లాడు.

మన అమ్మమ్మల చెవితమ్మెలు బరువు కమ్మలకి సాగి సాగి తెగిపోవడం మన ఇళ్లల్లో అందరం చూశాం. ఇంక కమ్మలు వద్దులే అని ఊరుకుంటారు. శుశ్రుతుడు అదే అధ్యాయంలో చెవితమ్మె అతికించడానికి పదిహేను రకాలు చెప్పాడు. ఇప్పుడది మత్తు సూది ఒకటి వేసి అరగంటలో కుట్టే పని, సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. డెబ్బై ఏళ్లకి సింగారం ఏమిటని పిల్లలు నవ్వుతారని ఆవిడ అడగదు. మీరే అడగండి.

ఈ రోజుకీ పెద్ద ముక్కు గాయానికి డాక్టర్లు ఎంచుకునే దారి నుదుటి చర్మమే. కనుబొమ మొదట్లో పైకి పోయే ఒక సన్నని రక్తనాళం ఉంది, పట్టీని దాని మీదుగా ఉంచుతారు. మత్తు వచ్చింది, కుట్లు వచ్చాయి, లోపల నిలబెట్టడానికి చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి పెడతారు. పట్టీ కోసేది మాత్రం ఇప్పటికీ సుమారు మూడు వారాలకే, కుమ్మరి 25 రోజులకి కాస్త ముందు. కొలత తీసుకోవడానికి కుట్టుదారం చుట్టి వచ్చే ప్యాకెట్టు రేకుని కత్తిరించి, ముక్కు మీద వంచి చూసి, తీసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీస్తారు.